వంద మీటర్ల బేసిన్

హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు చార్మినార్ దగ్గర ఫోటో దిగి, బిర్యానీ తిని, ముత్యాలు బేరమాడి వస్తారు. నేను మూడు రోజులుండి అమీర్‌పేట, పంజాగుట్ట దాటలేదు. చూసినవి మూడు స్టీలు గిన్నెలు. తిన్నది మాత్రం చాలా ఉంది. ఎందుకు వెళ్ళానో చెబితే మా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు కాబట్టి ముందు ఆ సంగతి చెప్పాలి.

షోకేసులో ముగ్గుల కప్పు

మాది గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు. అక్కడి డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే కాలేజీ, ఉన్నది ఒకటే గ్రౌండు. ఈ ఏడాది కమిటీవారు గ్రౌండు వేళలు పంచారు. ఎవరికి ఎంత ఘనమైన క్రీడా చరిత్ర ఉంటే వారికి అంత మంచి వేళ అని తీర్మానం చేశారు. చరిత్రని ఎలా కొలవాలి? ఆఫీసు గదిలో అద్దాల షోకేసు ఉంది కదా, గుమాస్తా వెళ్ళి కప్పులు లెక్కపెట్టాడు. అబ్బాయిలవి మూడు అరల నిండా ఉన్నాయి. అమ్మాయిలది ఒక్కటే ఉంది, అది కూడా ముగ్గుల పోటీలో వచ్చింది. దాంతో అబ్బాయిలకి ఉదయం, సాయంత్రం. అమ్మాయిలకి మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర.

మా కీర్తన వంద మీటర్లు పరిగెడుతుంది. మంచి పిల్ల, గట్టి పిల్ల. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో పోయిన నెల రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. రెండోసారి వాళ్ళ నాన్న వచ్చాడు. "ఇంకోసారి పడితే మాన్పించేస్తానండి" అని మెల్లిగా చెప్పి వెళ్ళాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లిగా చెప్పాడు కాబట్టే భయం వేసింది.

కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాను. ఆయన చెడ్డవాడేం కాదు. "అమ్మాయిలకి చరిత్ర లేదు కదమ్మా. ఉంటే చూపించండి, టైము మార్చేద్దాం. మంగళవారం మీటింగుంది" అన్నారు.

చరిత్ర ఉంది. కాకపోతే వంటింట్లో ఉంది.

ముప్పై ఏళ్ళ కిందట నేను ఇదే కాలేజీలో చదివాను. అప్పటి ప్రిన్సిపాల్ గారు వి.వి. రావు గారని దయగల మనిషి. ఆటల పోటీల్లో గెలిచిన అబ్బాయిలకి కప్పులు ఇచ్చేవారు. ఆడపిల్లకి కప్పెందుకు, రేపు కాపరానికి పనికొచ్చేది ఇద్దాం అని మాకు స్టీలు సామాను ఇచ్చేవారు. మొదటి బహుమతి బేసిన్, రెండోది గిన్నె, మూడోది గరిటె. మేం సంతోషించాం, మా అమ్మలు ఇంకా సంతోషించారు. లాంగ్ జంప్‌లో నాకు వరసగా మూడేళ్ళు మూడో స్థానం రావడంతో మా ఇంట్లో గరిటెలకి లోటు లేకుండా పోయింది. తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి, గిన్నెలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. షోకేసులో మాకు అర అవసరమవుతుందని ఎవరనుకున్నారు?

మాకు రిలే జట్టు కూడా ఉండేది. అసలు బేటన్లు అబ్బాయిల సామాన్ల గదిలో ఉండేవి, తాళం చెవి మాకిచ్చేవారు కాదు. హాస్టల్ వంటామెని బతిమాలి అప్పడాల కర్ర తెచ్చుకుని, లంగా ఓణీలకి పిన్నీసులు పెట్టుకుని దాంతోనే పరిగెత్తాం. మొదట రాజ్యం, తర్వాత విమల, తర్వాత నేను, ఆఖర్న సుశీల. ఆ ముగ్గురూ ఇప్పుడు హైదరాబాద్‌లో, అదీ ఒకరికొకరు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నారని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వెళ్ళి గిన్నెలు తెచ్చి కమిటీ ముందు పెడదామని శుక్రవారం రైలెక్కాను.

నా చేతిలోనూ ఒక బేసిన్ ఉంది. అది నాది కాదు. వంద మీటర్లలో మొదట వచ్చింది సుశీల. వార్షికోత్సవం రోజు ప్రిన్సిపాల్ గారు ఆ బేసిన్ ఇవ్వబోతే స్టేజి మీద, అందరి ముందు, "నాకు కప్పు కావాలండీ" అంది. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. "తీసుకోండమ్మా, రీలు అయిపోతోంది" అని ఫోటోగ్రాఫరు గోల. సుశీల వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. పక్కన గరిటె కోసం నిలబడ్డ నా చేతిలో ఆ బేసిన్ పెట్టేశారు. నేను పుచ్చుకున్నాను. ఫోటోలో నవ్వాను కూడా. సుశీల ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ బేసిన్‌లో ముప్పై ఏళ్ళు చపాతీ పిండి కలిపాను. ఖాళీ గిన్నె పట్టుకుని ఒకరింటికి వెళ్ళకూడదు కదా, నిండా పూతరేకులు సర్ది గుడ్డ కట్టాను.

మధురానగర్: పొంగుతున్న పిండి

అమీర్‌పేటలో గోడలు లేవు, బోర్డులే ఉన్నాయి. కంప్యూటర్ కోర్సులు, బ్యాంకు పరీక్షలు, జుట్టు మొలిపించేవాళ్ళు, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు. టీ పదిహేను రూపాయలు, మా ఊళ్ళో పది. ఆ పదిహేను రూపాయల టీ మా ఊరి టీలో సగముంది. తాగుతుంటే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి పైథాన్ నేర్చుకుంటారా ఆంటీ అని కాగితం చేతిలో పెట్టారు. ఆటో ఆపితే డ్రైవరు నా బేసిన్ చూసి, "ఎర్రగడ్డ రైతుబజార్‌కేనా అమ్మా? ఏం అమ్ముతవ్?" అన్నాడు. మధురానగర్ అని చెబితే కొంచెం నిరుత్సాహపడ్డాడు.

రాజ్యం మధురానగర్‌లో లేడీస్ హాస్టల్ నడుపుతోంది. మూడంతస్తుల్లో అరవైమంది అమ్మాయిలు. గేటు దగ్గరే నన్ను కావలించుకుని, "ఏంటే మణీ, ఇలా లావైపోయావ్, పీడీవేనా నువ్వు?" అంది. తను మాత్రం సన్నగా ఉందా అంటే లేదు. రెండు వందల మీటర్లలో మొదటి బహుమతిగా వచ్చిన బేసిన్ ఇంకా ఉందా అని అడిగాను. ఉందంటూ వంటగదిలోకి తీసుకెళ్ళింది. చూస్తే బేసిన్ నిండా ఇడ్లీ పిండి.

"ఇప్పుడు కదపకూడదే. పొంగుతోంది."

"ఇంకో గిన్నెలోకి తీసెయ్యవే."

"నీకేమైనా మతిపోయిందా? రేపు అరవైమందికి ఇడ్లీ. కదిపితే రాళ్ళొస్తాయి. ఈ పిల్లలు ఊరుకుంటారా, గూగుల్‌లో ఒక స్టార్ ఇస్తారు."

అందుకని పిండి పొంగేదాకా ఆగాను. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అప్పుడప్పుడూ వెళ్ళి మూత తీసి చూసి వచ్చాను. నా జీవితంలో ఏ పరుగు పందేన్నీ అంత శ్రద్ధగా చూడలేదు. వరంగల్ నుంచి వచ్చిన స్రవంతి అనే అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆంటీ, గీ బేసిన్ మీద 'ప్రథమ' అని ఉన్నది కదా. మేం కంపెనీ పేరనుకున్నం."

"కంపెనీ కాదమ్మా. మీ వార్డెన్ రెండు వందల మీటర్లు గెలిచింది."

"ఎవరు? మా మేడమా? ఉరికిందా?" అని ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక వంటగదిలోంచి పారిపోయింది. కాసేపటికి ఆరుగురు వచ్చి బేసిన్‌ని ఫోటో తీసుకున్నారు. రాజ్యం కోప్పడింది కానీ, ఆ పూట మెట్లు ఎక్కేటప్పుడు కాస్త చురుగ్గా ఎక్కడం నేను గమనించాను.

ఆదివారం పొద్దున్న ఇడ్లీలయ్యాయి, బేసిన్ కడిగారు. చెయ్యి చాపాను. "ఖాళీగా ఎలా ఇస్తానే, ఇంటి గిన్నె?" అని దాన్నిండా పులిహోర పెట్టి మూత వేసింది. ఇరవైమందికి సరిపడా పులిహోర. ఒక చేతిలో పులిహోర, ఒక చేతిలో పూతరేకులు పట్టుకుని చరిత్ర సేకరణకి బయల్దేరాను.

పంజాగుట్ట: నాలుగో అంతస్తు

మెట్రోలో రెండే స్టేషన్లు, మధ్యలో అమీర్‌పేటలో రైలు మారాలి. అక్కడ మెట్లు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కేటప్పటికి ఎత్తు గెంతే వాళ్ళకి ఇక్కడే శిక్షణ ఇవ్వొచ్చనిపించింది.

ఎత్తు గెంతడంలో రెండో బహుమతి విమలది. పెళ్ళి ఇక్కడివాళ్ళతో అయింది. ముప్పై ఏళ్ళలో దాని మాట ఎంత మారిపోయిందంటే, కళ్ళు మూసుకుని వింటే నేను గుర్తుపట్టేదాన్ని కాదు. "గిన్నెనా? గది నా దగ్గర ఏడుందే! పదకొండేండ్ల కింద ఈ ఫ్లాట్‌లకు వచ్చినప్పుడు పక్కోళ్ళకు సకినాలేసి ఇచ్చిన. మల్ల రాలే" అంది.

పక్క ఫ్లాటు తలుపు కొట్టాం. వాళ్ళు ఆ గిన్నెలో బొబ్బట్లు పెట్టి రెండో అంతస్తుకి ఇచ్చారట. రెండో అంతస్తువాళ్ళు గారెలు వేసి మూడో అంతస్తుకి. మూడో అంతస్తులో ఒకామె సేమియా పాయసం అని చెప్పి, ఆ రోజు యాలకులు తక్కువయ్యాయని నాకు క్షమాపణ కూడా చెప్పింది. ఎవరూ ఖాళీ గిన్నె తిరిగివ్వరు, మొదట ఎవరింట్లోంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. పదకొండేళ్ళుగా ఆ గిన్నె ఈ బిల్డింగులో ఆగకుండా తిరుగుతోంది. మా కాలేజీలో అంత దూరం ఏ జట్టూ పరిగెత్తి ఉండదు. "గిప్పుడు ఏడుంటది?" అని విమల అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. "గది ప్రిన్సిపాల్ సార్ గిన్నె కదా. నాలుగు వందల రెండు."

నాలుగు వందల రెండులో రిటైరైన జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గారున్నారు. పెళ్ళి చేసుకోలేదు, వంట నేర్చుకోలేదు. బనీను మీద చొక్కా వేసుకుని వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టారు. గిన్నె బల్ల మీదే ఉంది, అందులో బెండకాయ వేపుడు ఉంది.

"ఇది నాదేనమ్మా. గిన్నె మీద రాసి ఉన్నది, ప్రిన్సిపాల్ అని. కొత్తగ ఎవరొచ్చినా అది చదివి నాకే తెచ్చిస్తరు. నిండుగ తెస్తరు. నేను గుడి ప్రసాదం ఏసి ఇంకొకరికి పంపిస్త. వారం తిరగకముందే మల్ల నిండి వస్తది. పదేండ్ల సంది గిట్లనే నడుస్తున్నది."

"మీరు కొన్నారా సార్ దీన్ని?" అని అడిగాను.

"అదే యాదికి లేదు. దీని మీద 'ఎత్తు గెంతుట, ద్వితీయ' అని సుత ఉన్నది. చిన్నప్పుడు నేనే గెంతిన్నేమో అనుకున్న. మా తమ్మునికి ఫోన్ చేసి అడిగిన. నువ్వు గోడ సుత దుంకలేదన్నడు."

బెండకాయ వేపుడు ప్లేటులోకి తీసి, గిన్నె తుడిచి, భూతద్దం తెచ్చారు. ముగ్గురం దాని మీదకి వంగాం. పాతికేళ్ళకి పైగా తోమి తోమి అక్షరాలు అరిగిపోయాయి. "బాలికలు. ఎత్తు గెంతుట. ద్వితీయ. ప్రిన్సిపాల్ వి.వి. రావు." అంతే. గిన్నె తిప్పి చూశాను, అడుగు చూశాను. విమల పేరు ఎక్కడా లేదు.

పులిహోర బేసిన్ ఎత్తి పట్టుకుని కిందినుంచి చదివాను. "బాలికలు. 200 మీ. ప్రథమ. ప్రిన్సిపాల్ వి.వి. రావు." పూతరేకుల గుడ్డ విప్పి నేను ముప్పై ఏళ్ళు తోమిన బేసిన్ చదివాను. అదీ అంతే. మా ఊరి స్టీలు కొట్టాయన పెళ్ళిళ్ళకి గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు కొట్టి కొట్టి, అదే అలవాటున దీని మీదా ఇచ్చినాయన పేరు కొట్టేశాడు. రోజూ చేత్తో పట్టుకున్నాను కానీ చదవాలని నాకెన్నడూ తోచలేదు.

"దుంకింది నేను, పేరు ఆయనదా?" అంది విమల. ఆ అనడంలో నవ్వూ ఏడుపూ రెండూ ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారు మా మొహాలు చూసి గిన్నెలో ఆరు అరటిపళ్ళు పెట్టి ఇచ్చారు. లిఫ్టు దాకా వచ్చి, "పని అయినంక మల్ల ఎప్పుడు వస్తదమ్మా?" అన్నారు. నా గురించో విమల గురించో అనుకున్నాను, ఆయన అడిగింది గిన్నె గురించి.

ఆ పూట విమల ఇంట్లోనే భోజనం. పచ్చిపులుసు పోసింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద గంటసేపు మరగాలి. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, పొయ్యి చూపించకుండానే వడ్డించేస్తారు. మొదటి ముద్దకి ఇదేం పులుసు అనుకున్నాను, నాలుగో ముద్దకి గిన్నె దగ్గరికి లాక్కున్నాను. కానీ మంగళవారం కమిటీకి ఏం చూపించాలన్నది మాత్రం తేలలేదు. "సుశీల దగ్గరికి పో. అదొక్కతే సాక్ష్యం చెప్తది, దానికి భయం లేదు" అంది విమల. అరటిపళ్ళ మీద సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టెలు నాలుగు పెట్టి మూత వేసింది.

అమీర్‌పేట: బోర్డు మీద పరుగు

సోమవారం పొద్దున్న మూడు గిన్నెలతో అమీర్‌పేటలో ఒక బిల్డింగు మెట్లెక్కాను. కింద కంప్యూటర్ కోర్సు, పైన జుట్టు మొలిపించేవాళ్ళు. మధ్యలో తలుపు మీద ఇలా ఉంది: "మహిళా కానిస్టేబుల్ పరీక్షలకు రన్నింగ్ కోచింగ్. ఏసీ క్లాసులు. ఆన్‌లైన్ కూడా కలదు."

లోపల బెంచీల మీద ముప్పైమంది అమ్మాయిలు నోటుపుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. తెల్లబోర్డు మీద గ్రౌండు బొమ్మ. సుశీల కర్రతో మలుపు చూపిస్తోంది.

"మొదటి ముప్పై మీటర్లు తల ఎత్తకూడదు. రాసుకోండి."

రాసుకున్నారు.

"మేడం, ఎదురుగాలి వస్తే?" అని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి.

"ఎదురుగాలి ఎల్లుండి. ఈరోజు మలుపు వరకే."

నేను తలుపు దగ్గర నిలబడి నవ్వు ఆపుకోవడానికి పళ్ళు బిగించాను. అప్పుడే ఆమె చేతిలోని కర్ర చూశాను. అది మా అప్పడాల కర్ర. మధ్యలో పగుళ్ళు, చివర మసి. నవ్వు ఆగిపోయింది.

సుశీల నన్ను చూసింది. జుట్టు సగం తెల్లబడింది, నిలబడే తీరు మాత్రం అదే. పిల్లల్ని ఐదు నిమిషాలు వదిలేసి బయటికొచ్చింది.

"ముప్పై ఏళ్ళకి తెచ్చావా?" అంది.

"పూతరేకులు తెచ్చానే."

"నేను అడిగింది బేసిన్ గురించి."

ఏవేవో చెప్పాలని రైల్లో అనుకున్నాను. అవన్నీ వదిలేశాను. "ఆ రోజు పుచ్చుకోకూడదే. నీతోపాటు దిగిపోవాల్సింది. ఆ ఫోటోలో నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది" అన్నాను. నా కళ్ళు తిరగలేదు కానీ నిండాయి.

సుశీల బేసిన్ పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. "బాగా తోమావే" అంది. అంతే, ముప్పై ఏళ్ళ మౌనం అక్కడితో అయిపోయింది.

గ్రౌండు లేకుండా పరుగేంటే అని అడిగాను. "ఇక్కడ గ్రౌండెక్కడిదే? ఉన్నచోట అద్దె, ఆడపిల్లలకి పొద్దున వేళలు దొరకవు. అందుకే వారంలో ఐదురోజులు బోర్డు మీద, రెండురోజులు పొద్దున్నే ట్రాఫిక్ రాకముందు రోడ్డు మీద. పోయినసారి చాలామంది పాసయ్యారు" అంది గర్వంగా. అప్పుడు నేను షోకేసు గురించి, మధ్యాహ్నపు ఎండ గురించి, కీర్తన గురించి, గిన్నెల మీద పేర్ల గురించి వరసగా చెప్పాను. వచ్చి మంగళవారం కమిటీ ముందు సాక్ష్యం చెప్పమన్నాను.

మొదట గట్టిగా నవ్వింది. తర్వాత కోపం వచ్చింది.

"చరిత్ర ఉంటేనే నీడపట్టున పరిగెత్తనిస్తారా? ఆ మగపిల్లలు మొదటిసారి గ్రౌండులోకి దిగినప్పుడు వాళ్ళకేం చరిత్ర ఉందే? నేను రాను. నేను గెలిచానో లేదో వాళ్ళకి చెప్పుకోవాల్సిన అవసరం నాకు లేదు. ఒకటి చెప్పు, ట్రాక్ మీద ఎన్ని గీతలు గీస్తావ్?"

"ఆరు వరసలు."

"పొద్దున అబ్బాయిలు ఎన్నిట్లో పరిగెడతారు?"

"మూడు. మహా అయితే."

"మరి?" అంది.

ఇన్నేళ్ళుగా సున్నం పోసి ఆ గీతలు గీయిస్తున్నది నేనే. టైము ఎలా పంచాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను కానీ, ఆ మూడు వరసలు పొద్దున్నపూట ఖాళీగా పడి ఉంటున్నాయని నాకూ కమిటీకీ గుమాస్తాకీ ఎవరికీ తట్టలేదు.

సుశీల పూతరేకులు క్లాసులో పంచేసింది. పిల్లలు నోటుపుస్తకాల మీదంతా పంచదార పొడి రాల్చుకున్నారు. బేసిన్ తుడిచి నా చేతికి ఇచ్చింది. "ఇది నాకొద్దు. అప్పుడూ వద్దన్నాను, ఇప్పుడూ వద్దు" అంది. ఇచ్చాక మళ్ళీ వెనక్కి తీసుకుంది. "ఖాళీగా ఇవ్వకూడదు కదా" అని చేతిలో ఉన్న అప్పడాల కర్ర అందులో పెట్టింది.

"మరి బోర్డు మీద దేంతో చూపిస్తావే?"

"వేలుంది కదా. ఆఖరి పరుగు నాదైపోయింది, తర్వాత ఎవరికి అందించాలో తెలీక నా దగ్గరే ఉండిపోయింది. మీ కీర్తనకివ్వు" అని లోపలికి వెళ్ళి, "మలుపు ఎక్కడిదాకా చెప్పాను?" అని పిల్లల్ని అడిగింది.

మెట్రో: మిషన్లో కర్ర

స్టేషన్లో మూడు గిన్నెలూ మిషన్ మీద పెట్టాను. తెర మీద కర్ర కనపడగానే తనిఖీ చేసే అమ్మాయి ఆపేసింది.

"గిదేంది అమ్మా?"

"రిలే బేటనమ్మా."

"బేటన్ అంటే? లాఠీ లెక్కనా?" అని పక్కనున్న పెద్దాయన్ని పిలిచింది. ఆయన కర్రని అటూ ఇటూ తిప్పి, నేలకి కొట్టి చూశాడు. నా వెనక క్యూ పెరిగిపోతోంది. పరుగు పందెం, ఆడపిల్లలు, ముప్పై ఏళ్ళ కింద అని మొదలుపెట్టాను. వాళ్ళ అనుమానం ఇంకా పెరిగింది.

చివరికి విసిగిపోయి, "అప్పడాల కర్రండీ" అన్నాను.

"గట్ల చెప్పొచ్చు కద మొదలే!" అని ఆ అమ్మాయి నవ్వి కర్ర ఇచ్చేసింది. "జర మూత తీయమ్మా" అని పులిహోర బేసిన్ కూడా చూసింది. వాసన చూసి ఇంకొంచెం చూసింది. ఒక ముద్ద ఆమెకీ పెట్టి రైలెక్కాను.

మా ఊరు: తీర్మానం

మంగళవారం కమిటీ ముందు మూడు గిన్నెలు పెట్టాను. చరిత్ర సంగతి ఎత్తేలోపే కరస్పాండెంట్ గారు మూత తీశారు. పులిహోర మూడో రోజుకి మరింత ఊరింది. సర్వపిండి ఏమిటని అడిగి అడిగి తిన్నారు. అరటిపళ్ళూ అయిపోయాయి. అప్పుడు గిన్నెలు ఖాళీ అయ్యాయి కాబట్టి కళ్ళజోళ్ళు పెట్టుకుని చదివారు. చాలాసేపు చదివారు. గుమాస్తా రాసిన తీర్మానం నా దగ్గర ఉంది:

"ఈ పాత్రలను బట్టి బాలికల వంద మీటర్లు, రెండు వందల మీటర్లలో ప్రథమ స్థానము, ఎత్తు గెంతుటలో ద్వితీయ స్థానము పూర్వ ప్రిన్సిపాల్ శ్రీ వి.వి. రావు గారు సాధించినట్లు తెలియుచున్నది. వారి గౌరవార్థం షోకేసులో ఒక అర కేటాయించడమైనది."

"బాలికల పందేల్లో ఆయన ఎలా గెలుస్తారండీ?" అన్నాను.

"అదే కదమ్మా ఆయన గొప్పతనం" అన్నారు కరస్పాండెంట్ గారు. అమ్మాయిల టైము విషయం వచ్చే మీటింగుకి వాయిదా పడింది.

మూడు గిన్నెలూ ఇప్పుడు అద్దాల వెనక తాళం వేసి ఉన్నాయి. రాజ్యం కొత్త బేసిన్ కొనుక్కుంది, అందులో ఇడ్లీలు అంత బాగా రావడం లేదట. పంజాగుట్ట ప్రిన్సిపాల్ గారు రోజూ లిఫ్టు దగ్గర నిలబడి గిన్నె గురించి అడుగుతున్నారని విమల ఫోన్ చేసింది. స్టీలు కొట్టుకి వెళ్ళి అదే సైజు గిన్నె కొని, 'ప్రిన్సిపాల్' అని కొట్టించి, నిండా సున్నుండలు పెట్టి పంపాను.

ఇక మీటింగు మర్నాడు, బుధవారం. పొద్దున్న ఐదున్నరకి నలుగురు అమ్మాయిల్ని వెంటబెట్టుకుని గ్రౌండుకి వెళ్ళాను. కీర్తన వాళ్ళ నాన్న సైకిల్ గేటుకి ఆనించి అక్కడే నిలబడ్డాడు. అబ్బాయిల కెప్టెన్ పరిగెత్తుకుంటూ వచ్చి, "మేడం, ఇది మా టైమండి" అన్నాడు మర్యాదగానే.

"మీదే బాబూ. మీ మూడు వరసల్లో మీరు పరిగెత్తండి. ఆ మూడూ ఖాళీగా ఉన్నాయి కదా."

అతను గీతల వైపు చూశాడు. వేలు పెట్టి ఒకటీ రెండూ అని ఆరుదాకా లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత "సరేనండి" అని వెళ్ళిపోయాడు. అంతే. దీనికోసం నేను హైదరాబాద్ వెళ్ళొచ్చాను.

ఎండ ఇంకా రాలేదు, గడ్డి తడిగా ఉంది. అప్పడాల కర్ర మొదటి పిల్ల చేతిలోంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి వెళ్ళింది. ఆఖర్న కీర్తన అందుకుంది. తల ఎత్తకుండా పరిగెత్తింది. గీత దాటి, పడకుండా, ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చి నిలబడింది. గేటు దగ్గర వాళ్ళ నాన్న సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"మేడం, ఇప్పుడిది ఎవరికివ్వాలండి?" అంది కర్ర చూపించి.

ముప్పై ఏళ్ళ కింద సుశీల సరిగ్గా ఇలాగే, ఇదే చోట, ఇదే కర్ర పట్టుకుని నిలబడింది. అప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు, అడిగినా చెప్పేవాళ్ళు లేరు.

ట్రాక్ పక్కన మొదటి ఏడాది పిల్ల ఒకతి కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. చూడటానికి వచ్చానంది కానీ బూట్లు వేసుకునే వచ్చింది. కీర్తన నా జవాబు కోసం ఆగలేదు. వెళ్ళి ఆ పిల్ల ముందు కర్ర చాపింది. ఆ పిల్ల రెండో లేసు కట్టుకోకుండానే లేచి అందుకుంది.